వల మీద తెల్లవెంట్రుక

అక్క నాలుగింటికి వస్తానంది. వస్తుంది. రైలైనా ఆలస్యమవుతుంది గానీ అక్క కాదు. ఉద్యోగమంతా రైల్వే విచారణ కిటికీ వెనక కూర్చుని, ఏ బండి ఎంత ఆలస్యమో ఊరందరికీ చెప్పి చెప్పి, తను మాత్రం గడియారం చేత మాటనిపించుకోని మనిషి. ఇప్పుడు మూడు దాటింది. కిటికీ దగ్గర పొట్టి బల్ల ముందు కూర్చున్న తమ్ముడి ఒళ్లో, నల్లకోటు మీద, ఆమె కొత్త విగ్గు ఉంది. అతను దాన్ని చూస్తున్నాడు, చూసి కళ్లు మూసుకుంటున్నాడు, మళ్లీ తెరిచి చూస్తున్నాడు, మూసినంతసేపట్లో ఏమన్నా మారుతుందేమోనని. మారలేదు. మధ్యాహ్నం భోజనం చేశాక చివరి ముడి వేసి, కొక్కెం సూది పక్కన పెట్టి, ఇంక నా పని అయిపోయింది స్వామీ అని మనసులోనే దణ్ణం పెట్టుకుని, విగ్గును చెక్కతల మీంచి తీసి, కుర్చీ వీపుకి వేలాడుతున్న నల్లకోటు మీద ఊరికే అలా ఆనించాడు. నల్లటి గుడ్డ మీద పడగానే నుదుటి అంచంతా తెల్లగా మెరిసింది. అక్కడక్కడా కాదు, అంచంతా. పాపిటకి రెండు వైపులా, చెంపల మీదికి దిగేదాకా. ఈసారి కొత్తగా పెట్టాలనుకున్నవి ఏవో నాలుగు పోగులు. పడ్డది గుప్పెడు.

ఎలా జరిగిందో ఆలోచించనక్కర్లేకుండానే తెలిసిపోయింది. తలకి అతికినట్టు కలిసిపోవాలని విగ్గుకి అడుగున వేసే వలను లేత రంగులో నేస్తారు. ఆ లేత వల మీద తెల్లవెంట్రుక ముడేస్తే మంచి కళ్లకే సరిగా ఆనదు, అతని కళ్లకి అసలే ఆనలేదు. ముడి వేశాడు, కనబడలేదు, జారిపోయిందనుకుని పక్కనే ఇంకోటి వేశాడు, అదీ జారిపోయిందనుకున్నాడు, ఈ వేళ్లకేం పోయేకాలం వచ్చిందని తిట్టుకుంటూ మళ్లీ వేశాడు. వారాల తరబడి. ఒక్కటీ జారలేదు. వేళ్లు ఎప్పటిలాగే తమ పని తాము చేసుకుపోయాయి, కళ్లే వాటి మాట నమ్మలేదు. కంటి వెనక పొర పలచబడిపోయింది, ఇది అద్దాలతో వచ్చేది కాదు, కోతతో వచ్చేదీ కాదు అని డాక్టరమ్మ చెప్పిన రోజే అతను దుకాణం తలుపులు మూసేశాడు. అక్కకి ఇదొక్కటీ కట్టి సూది పక్కన పెట్టేస్తానన్నాడు. ఆఖరిది. ఆఖరిది కదా అని నిదానంగా, ప్రాణం పెట్టి కట్టాడు. ప్రాణం పెట్టి కట్టి అక్కని ముసలమ్మని చేసి కూర్చోబెట్టాడు.

విప్పుదామా అంటే, కట్టడం కన్నా విప్పడం కష్టం. కట్టడం వేళ్లకి వచ్చు, విప్పడానికి కళ్లు కావాలి. కత్తిరిద్దామా అంటే నుదుటి అంచు మోడు మోడుగా మిగులుతుంది. ఇంకా పూర్తి కాలేదు, వచ్చేవారం రావే అని ఫోన్ చేద్దామా అంటే, వచ్చేవారానికి ఈ కళ్లేమన్నా పడుచువవుతాయా. ఇన్నేళ్లూ అక్కని మెట్టు మెట్టుకీ చెయ్యిపట్టుకుని దింపుకుంటూ తెచ్చినవాడు, ఆఖరి మెట్ల దగ్గర వెనకనుంచి ఒక్క తోపు తోసినట్టయింది. అంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. అక్కకీ తనకీ మధ్య ఇన్నాళ్లూ మాటల్లోకి రాని సంగతొకటి ఉంది. అది మాటల్లోకి రాకపోవడం వల్లే బతికింది. నాలుగు పోగులైతే ఇద్దరూ చూడనట్టే ఊరుకుని దాన్ని కాపాడుకునేవాళ్లు. ఇంత తెల్లదనం ముందు ఎవరు మాత్రం చూడనట్టు ఉండగలరు? అక్క ఒక్క మాట అంటే చాలు, ఇన్నేళ్ల కట్టుబడీ ఒక్క ముడి ఊడినట్టు మొత్తం ఊడి చేతికొస్తుంది.

అక్క జుట్టు పోయిననాటికి అతనికి చెప్పుల్లో కుడేదో ఎడమేదో తెలియదు. గుర్తున్నదల్లా తలగడ. పొద్దున్నే అక్క లేచి వెళ్లాక ఆ తలగడ మీద పిల్లి పడుకుని లేచినట్టు జుట్టు ఉండేది, అమ్మ దాన్ని గబగబా గుప్పిట్లోకి తీసుకుని వెళ్లిపోయేది, ఎక్కడికి తీసుకెళ్లేదో ఇప్పటికీ తెలియదు. మొదట తల వెనక బొత్తామంత మచ్చ, తర్వాత పక్కన ఇంకోటి, తర్వాత మచ్చల మధ్య మిగిలిన జుట్టే మచ్చలాగా కనబడింది, ఆఖరికి కనుబొమలు కూడా. ఒళ్లు తన జుట్టునే పరాయిదనుకుని తరిమేస్తోంది, మళ్లీ వస్తే వస్తుంది, రాకపోతే లేదు అన్నాడట డాక్టరు. రాలేదు. నాన్న నాటకాలవాళ్లకి విగ్గులు కట్టేవాడు. ఇదే గది, ఇదే పొట్టి బల్ల, ఇదే కిటికీ. రాజులకి ఉంగరాలు తిరిగిన జుట్టు, దొంగలకి చింపిరి జుట్టు, తాతలకి జనపనార పీచు. నాన్న చేతిలో ముసలితనం తెర పడి లేచేలోగా వచ్చేది, నాటకం అయ్యాక మేకుకి వేలాడేది. అలాంటి నాన్న ఆ ఏడాది నాటకాలవాళ్లని వాకిట్లోనే నిలబెట్టి, కూతురి తల కొలత తీసుకుని, అమ్మని ఈ ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, జడ కత్తిరించాడు. అమ్మ మెడ తడుముకుని, "అబ్బ, ఎంత హాయిగా ఉందో, ముందే ఎందుకు తట్టలేదు నాకు" అంది. ఆ మాట అబద్ధమని తెలియడానికి అతనికి చాలా ఏళ్లు పట్టింది.

నాన్న ఒక్కో వెంట్రుకా వలకి ముడేస్తుంటే అతను బల్ల కింద కూర్చుని చూసేవాడు, చూసీ చూసీ ఒకరోజు అడిగాడు, "నాన్నా, మరి నా తల ఎవరు కట్టారు?" అని. "దేవుడు కట్టాడురా. ఆయన దగ్గర నాకన్నా మంచి సూది ఉంది." "మరి అక్కది ఎందుకు విప్పేశాడు?" నాన్న సూది పక్కన పెట్టాడు. కిటికీలోంచి కాసేపు వీధిలోకి చూశాడు. "ఆయనకి చెయ్యి ఖాళీ లేనట్టుంది. ఈలోగా మనం చూసుకుందాం" అన్నాడు. అతను పెద్దవాడయ్యాడు, పూజలు చేశాడు, పెద్దవాళ్లు చెప్పేవి వినయంగా కూర్చుని విన్నాడు, కానీ ఆ ప్రశ్నకి నాన్న చెప్పినంత మర్యాదైన జవాబు ఎవరి దగ్గరా దొరకలేదు. ఈలోగా మనం చూసుకుందాం. నాన్న పోయాక సూది అతని చేతికి వచ్చింది, అక్క తల కూడా. రెండు మూడేళ్లకొక విగ్గు. పాతది పలచబడగానే కొత్తది. అన్నీ నలుపే. నిగనిగలాడే నలుపు. బావ బస్సు డ్రైవరు. పెళ్లి మాట తలపెట్టినప్పుడు అక్క ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముందు ఇది చూసి తర్వాత మాట్లాడండి అని విగ్గు తీసి బల్ల మీద పెట్టిందట. బావ కాసేపు చూసి, తన డ్రైవరు టోపీ తీసి దాని పక్కనే పెట్టాడట. తల ముందు సగం నున్నగా ఉందట. "నాది ఊడుతోంది, నీది ఊడింది. ఒక స్టాపు ముందున్నావంతే" అన్నాడట. ఇప్పటికీ బావకి అదే వేళాకోళం: మా ఇంటిల్లిపాదికీ కలిపి ఉన్న జుట్టు బామ్మర్ది కట్టిందే.

తనకి మొదటి తెల్లవెంట్రుక వచ్చిన సంగతి అతనికి తెలియలేదు. ఎవరికి మాత్రం తెలుస్తుంది? అదేమన్నా తలుపు తట్టి వస్తుందా? నల్లవాటి మధ్య ఎప్పుడో ఒకటి మెల్లగా రంగు మార్చుకుంటుంది, అద్దం రోజూ చూసేవాడికి ఏమీ చెప్పదు, పక్కవాళ్లకి చెబుతుంది. అక్కకి చెప్పింది. ఇదే బల్ల ముందు పనిలో ఉంటే వెనకనుంచి వంగి, "రేయ్, కదలకు" అంది. కుడి చెవి పైన ఏదో పట్టుకుంది. "అమ్మాయ్, ఇలా రా! మీ ఆయనకి తల పండింది, ఇంక గౌరవంగా మాట్లాడాలి కాబోలు" అని లోపలున్న అతని భార్యని కేకేసి, ఇల్లెగిరిపోయేలా నవ్వింది. పీకలేదు. దాన్ని వేలికి మెల్లగా చుట్టుకుని, మళ్లీ వదిలి, మళ్లీ చుట్టుకుని, ఆ నవ్వు నవ్వుతూనే, గొంతు కూడా మార్చకుండా, "నాకెప్పటికీ రావు కదరా" అంది. అన్నట్టు కూడా ఆమెకి గుర్తుండి ఉండదు. బస్సుకి టైమైందని వెళ్లిపోయింది. అతను ఆ సాయంత్రం ఒక్క ముడీ వేయలేకపోయాడు. ఊరంతా మెల్లమెల్లగా ఎక్కడికో ప్రయాణమై పోతోంది, విచారణ కిటికీ వెనక అక్క ఒక్కతే దిగబడిపోయింది, అందరికీ బండ్ల వేళలు చెబుతూ, తను ఏ బండీ ఎక్కకుండా.

తర్వాతి విగ్గులో ఒకటి పెట్టాడు. ఒక్కటే. కుడి చెవి పైన. భార్యకి పెళ్లినాటికే పాపిట పక్క పాయ నెరిసి ఉండేది, ఆమె దువ్వెనకి వచ్చిన జుట్టు పారేయకుండా తలుపు వెనక గుడ్డసంచిలో వేసేది, విగ్గులవాడి ఇంట్లో జుట్టు పారేస్తారా ఎవరైనా. అందులోంచి ఒక తెల్లది ఏరాడు. రాలిన వెంట్రుకకి కుదురేదో చివరేదో తెలియదు, తలకిందులుగా కడితే పక్కవాటితో చిక్కుపడుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నలిపితే చాలు, అది తనంతట తనే కుదురు వైపుకి పాకుతుంది. ఎన్ని వేలసార్లు చూసినా అతనికి అది వింతే. ఊడి, రాలి, ఏళ్లు సంచిలో పడున్నా, ఎటునుంచి వచ్చిందో మాత్రం మరిచిపోదు. ఆ ఒక్కటీ కట్టి ఇచ్చాక నిద్ర పట్టలేదు. కోపం వస్తుందా? లోపం అనుకుని పీకేస్తుందా? అక్క ఏమీ అనలేదు. వారం తర్వాత బావ వచ్చాడు, ఊరికే ఇటు వెళ్తూ వచ్చానన్నాడు, ఆయన బస్సు ఇటు వెళ్లదు. కూర్చుని, టోపీ తీసి, గొంతు తగ్గించి, "బామ్మర్దీ, మీ అక్క మొన్న అద్దం ముందునుంచి లేవలేదు. తర్వాత వచ్చి నాకు చూపించింది. నాకు తెల్లవెంట్రుక వచ్చిందండీ అంది. వచ్చిందట! నేనేం తక్కువ తిన్నానా, రాదా మరి, పిల్లల తల్లివయ్యావు అన్నాను. ఎంత సంతోషించిందనుకున్నావు!" అన్నాడు. లేస్తూ గుమ్మం దగ్గర ఆగి, "కాస్త నెమ్మదిగా నడిపించు. నాకు అప్పుడే ముసలి పెళ్లాం వద్దు" అన్నాడు.

నెమ్మదిగానే నడిపించాడు. దీన్ని మించిన నెమ్మది ఇంకెక్కడా లేదు. విగ్గు విగ్గుకీ ఇంకొన్ని, చెవుల పైన, తర్వాత చెంపల మీద, అద్దంలో తన తల చూసుకుని తనకెక్కడ వస్తే అక్కడ, ఒకే తల్లి పిల్లలం కదా అని. ఒకటి పెట్టాలా రెండా అని రోజంతా ఆలోచించిన రోజులున్నాయి. అలా ఆలోచిస్తున్నప్పుడే అతనికి అనుమానం వచ్చేది, దేవుడు కూడా ఇంతే ఆలోచిస్తాడేమో, ఒక్కసారే తెల్లబరిస్తే మనిషి అద్దంలో తనని తాను గుర్తుపట్టలేక హడలిపోతాడని, చీకటి పడ్డట్టు కాకుండా తెల్లారినట్టు ఒక్కోటీ ఒక్కోటీ వెలిగిస్తాడేమో. అంత దయ ఉన్నవాడు అక్క విషయంలో చెయ్యి ఖాళీ లేదనడం ఏమిటి? లేక చెయ్యి ఖాళీ లేకే ఈ చేతికి అప్పజెప్పాడా? అదే నిజమైతే ఈ కళ్లు ఎందుకు ఇంత తొందరగా తీసుకోవడం, స్వామీ, పని ఇంకా మిగిలుండగా? అడగడం తప్పు కాదనుకుంటాడు. అడిగి, జవాబు కోసం పట్టుబట్టకపోతే చాలు.

"ఏవండీ, అలా కూర్చుండిపోయారేం?" లోపలినుంచి భార్య వచ్చింది, చేతిలో సగం మడతపెట్టిన దుప్పటి. నల్లకోటు మీద విగ్గు చూసి దుప్పటి భుజాన వేసుకుని దగ్గరికి వంగింది. "అమ్మో. ఇదంతా నాదే! ఆడపడుచు నెత్తినెక్కి కూర్చున్న మరదలిని లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటా" అంది. ఈ హాస్యం ఆమె ఏళ్లుగా వాడుతున్నదే, అతను ఏళ్లుగా నవ్వుతున్నదే, ఇవాళ నవ్వు రాలేదు. ఆమె అది చూసి, దుప్పటి అంచుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచి, "ఏమీ అనదులెండి వదిన" అంది. అనకపోవడం ఇన్నాళ్లూ ఆమె పెట్టిన భిక్ష. ఇవాళ కూడా అనకుండా పెట్టుకుని, థాంక్సురా అని వెళ్లిపోతే? ఇంటికెళ్లి అద్దం ముందు ఒక్కతే కూర్చుంటే? రేపు వీధిలోవాళ్లు, ఏమ్మా ఏమైంది, పది రోజుల్లో ఇలా అయిపోయావేం అని అడిగితే? అది అనడం కన్నా ఘోరం.

"ఏరా, ఉన్నావా? విగ్గు పట్టుకుని పారిపోయావా?"

మెట్ల మీదినుంచే మొదలైంది గొంతు, స్టేషనంతా వినబడే గొంతు. అతను విగ్గును ఆదరాబాదరా చెక్కతలకి తొడిగి, దాని మొహం గోడవైపుకి తిప్పాడు. అక్క లోపలికి వచ్చి, సంచి పెట్టి, మరదలి బుగ్గ తట్టి, పీట మీద కూర్చుని, తల మీది పాతదాన్ని కళ్లజోడు తీసినంత తేలిగ్గా తీసి ఒళ్లో పెట్టుకుంది. ఈ గదిలో ఆమెకి ఎప్పుడూ అంతే. కిటికీ వెలుగు ఆ నున్నటి తల మీద పడి, ఎందుకో, చిన్నపిల్ల తల అనిపించింది. "గోడకేసి నిలబెట్టావేం, అల్లరి చేసిందా? ఇటివ్వు."

"అక్కా, అదీ..."

ఆమె అప్పటికే అందుకుంది. పెట్టుకుంది. అద్దం తన వైపుకి తిప్పుకుంది. అతనికి అద్దంలోని ఆమె మొహం కనబడదు, అక్కడొక తెల్లటి మసక మాత్రం కనబడుతోంది, వీధిలో ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినబడింది. "కనబడలేదే అక్కా" అన్నాడు. "వల మీద ఆనలేదు. జారిపోయాయనుకుని మళ్లీ మళ్లీ కట్టాను." ఇన్నేళ్ల మౌనం అంత చిన్న మాటతో, తన నోటితోనే తెగిపోయింది.

"ఎవరమ్మా ఈవిడ?" అంది అక్క, అద్దం వంక చూస్తూనే, మరదలితో.

"మీరే వదినా. కాస్త ముందుకెళ్లి నిలబడ్డ మీరు."

అక్క నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత పీట కిర్రుమనేలా, ఆఖరికి కళ్లు తుడుచుకుంటూ. "ఇన్నేళ్లూ ప్రతి స్టేషన్‌లోనూ ఆపి ఆపి తీసుకొచ్చి, ఇవాళ ఎక్స్‌ప్రెస్ ఎక్కించావేంట్రా! మధ్యలో నేను దిగాల్సిన ఊళ్లన్నీ పోయాయి కదరా!"

"నీకు తెలుసా? పెడుతున్నానని..."

"మొదటిది కుడి చెవి పైన పెట్టావు, నీకొచ్చిన చోటే. వంకీ చూసి అది మరదలిదని కూడా తెలుసు. నాది వంకీల్లేని జుట్టయ్యుండేది, అమ్మకిలాగా." అద్దం పక్కన పెట్టింది. "ఎందుకు అనలేదంటే, నోరు తెరిచి అంటే నువ్వు పెట్టినట్టు అవుతుంది. అనకపోతే వచ్చినట్టు ఉంటుంది. నాకు వచ్చినట్టే ఉండాలనిపించింది."

భార్య దుప్పటిని అవసరం లేకుండా మళ్లీ మడతపెట్టసాగింది. అతను, "విప్పాలంటే నాకు చూపు ఆనదే" అన్నాడు.

"నాకు ఆనుతుందిగా. నేర్పు."

విగ్గు తీసి నల్లకోటు మీద పరుచుకుంది. అతను ఆమె చేతిలో కొక్కెం పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని, వేలికొసతో ముడిని వెతికి చూపించాడు. లాగకు, లాగితే తెగుతుంది, కొక్కెం కిందనుంచి పోనీ, ముడిని బుజ్జగించాలి, అదే వదులవుతుంది. అక్క నాలుక కొస పళ్ల మధ్య బిగించి వంగింది. మొదటిది తెగింది. రెండోది రాలేదు. మూడోది మెల్లగా వదిలి, పొడుగ్గా, వంకీతో, వేళ్ల మధ్యకి వచ్చింది. "వచ్చింది!" అంది అక్క. ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూస్తే మరదలు బొత్తాల డబ్బా ఖాళీ చేసి తెచ్చి, "ఇందులో వెయ్యండి, తర్వాత మళ్లీ సంచిలో కలిపేస్తా" అంది.

"సంచిలో కలపడమేంటమ్మా! ఇవన్నీ నేనింకా బతకాల్సినవి." డబ్బాలో పొందిగ్గా పడుకోబెట్టింది. "విప్పడం అయ్యాక కట్టడం కూడా నేర్పు. ఇంటికి పట్టుకుపోతా. ఒక్కోటీ వచ్చినప్పుడల్లా నేనే కట్టుకుంటా."

"ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది?"

"నీకెలా తెలిసేది?"

"అద్దంలో నా తల చూసుకునేవాణ్ని." ఇప్పుడు అద్దంలో తల ఎక్కడుంది, ఉన్నదంతా మసకే.

"అయితే ఇంక నీ తల నేను చూస్తాలే" అని అక్క కొక్కెం బల్ల మీద పెట్టి లేచింది, అతని వెనక్కి వచ్చింది. రెండు చేతులతో అతని జుట్టు అటూ ఇటూ పాయలు తీసింది, ముగ్గుబుట్టలా ఉన్న తల. కిటికీ వైపుకి తిప్పింది. "నీకన్నా పెద్దదాన్నిరా నేను. లెక్కప్రకారం నీకన్నా ఓ అడుగు ముందుండాలి. మరీ అన్నీ విప్పకూడదన్నమాట." వేళ్లు వెనకనుంచి ముందుకి, ముందునుంచి కుడి చెవి పైకి వచ్చి అక్కడ ఆగాయి. ఏదో పట్టుకున్నాయి.

"రేయ్, కదలకు."

"ఏమైందే?"

"అమ్మాయ్, ఇలా రా! మీ ఆయనకి నల్లవెంట్రుక!"

ఇల్లెగిరిపోయేలా నవ్వుతోంది అక్క. దాన్ని వేలికి మెల్లగా చుట్టుకుంటోంది, వదులుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది. అతను కదల్లేదు.